ఎడమ కాలి పని

పెట్రోలు, డీజిల్ ఇంజిన్లకు పుట్టుకతోనే ఒక పరిమితి ఉంది. ఆగి ఉన్న చోటు నుంచి అవి తమంతట తాము బరువు లాగలేవు. నిమిషానికి కనీసం 700, 800 చుట్లు తిరుగుతూ ఉంటేనే నడుస్తాయి, అంతకంటే వేగం తగ్గితే ఒకటి రెండు సార్లు కుదిపి ఆగిపోతాయి. అదీగాక ఇంజిన్ సత్తువ అన్ని వేగాల్లోనూ ఒకేలా ఉండదు, ఒక మధ్యస్థ శ్రేణిలోనే నిండుగా పలుకుతుంది. కారు చక్రం పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం: అది సున్నా నుంచి మొదలు కావాలి, ఇరుకు సందులో పాకాలి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కగానే గంటకు 100 కిలోమీటర్లు అందుకోవాలి. ఈ రెంటికీ పొంతన కుదర్చడానికే కారులో రెండు భాగాలు ఏర్పడ్డాయి. ఇంజిన్ చుట్లను తగ్గించి, ఆ మేరకు బలాన్ని పెంచి చక్రాలకు అందించే పళ్ళ చక్రాల పెట్టె గేర్‌బాక్సు. ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉంటూ, రాపిడి బలంతో ఆ రెంటినీ కలిపి, అవసరమైనప్పుడు విడదీసేది క్లచ్. మాన్యువల్ కారులో వీటి పని డ్రైవరు ఎడమ చేయి, ఎడమ కాలు చేస్తాయి. ఆటోమేటిక్‌లో అదే పనిని నూనె ఒత్తిడి, మోటార్లు, కంప్యూటరు కలిసో విడివిడిగానో చేస్తాయి. రోజువారీ ప్రయాణానికి ఏది కొనాలన్న చర్చను చాలామంది మైలేజీతోనో ధరతోనో మొదలుపెడతారు గాని, ఎడమ కాలు రోజుకు ఎంత పని చేయవలసి వస్తోందన్న దగ్గర మొదలుపెట్టడమే సబబు.

దీనికి చిన్న లెక్క ఒకటి ఉపయోగపడుతుంది. మామూలు చిన్న కారులో మొదటి గేరు వేసినప్పుడు చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఇంజిన్ సుమారు 14 చుట్లు తిరగాలి. ఇంజిన్ తీరిగ్గా నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నప్పుడు చక్రం 57 చుట్లు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత 1.8 మీటర్లు అనుకుంటే బండి నిమిషానికి సుమారు 103 మీటర్లు, అంటే గంటకు 6 కిలోమీటర్ల పైచిలుకు వెళుతుంది. ఇది చురుగ్గా నడిచే మనిషి వేగం. క్లచ్ పూర్తిగా వదిలేసిన మాన్యువల్ కారు ఇంజిన్ ఆగిపోకుండా నిలకడగా పోగల కనిష్ఠ వేగం ఇంచుమించు ఇదే. సాయంత్రం ఆరు దాటాక హైటెక్ సిటీ నుంచి కూకట్‌పల్లి వైపు వచ్చే వరుసలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో ట్రాఫిక్ మనిషి నడకకంటే నెమ్మదిగా కదులుతున్నప్పుడు డ్రైవరుకు మిగిలేవి రెండే మార్గాలు: క్లచ్ పూర్తిగా తొక్కి ఆగడం, లేదా సగం తొక్కి పట్టుకుని బండిని పాకించడం. డ్రైవర్లు హాఫ్ క్లచ్ అనేది ఈ రెండవదాన్నే. హాఫ్ క్లచ్‌లో ఇంజిన్‌తో తిరిగే ఫ్లైవీలూ, గేర్‌బాక్సు వైపున్న క్లచ్ ప్లేటూ వేర్వేరు వేగాలతో ఒకదానిమీద ఒకటి జారుతుంటాయి గనుక అక్కడ రాపిడి, రాపిడి వల్ల వేడి, వేడి ముదిరితే కాలిన వాసన పుడతాయి. కొన్ని క్షణాల జారుడు కోసం రూపొందించిన భాగాన్ని గంటసేపు జారనిచ్చినప్పుడు క్లచ్ ప్లేట్లు ముందే అరిగిపోయాయని వాపోవడంలో అర్థం లేదు.

ఫ్లైఓవర్ ఎక్కే ర్యాంపు మీద ట్రాఫిక్ నిలిచిపోయిన సమయంలో ఈ పని మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ముందు బండి కదలగానే డ్రైవరు హ్యాండ్ బ్రేకు పట్టి ఉంచే మొదటి గేరు వేసి, ఎడమ కాలిని మెల్లగా పైకి తెస్తూ, ఇంజిన్ శబ్దం బొంగురుపోయి బానెట్ ఒక్క అంగుళం లేచినట్టనిపించే స్థానం దగ్గర కాలిని అలాగే నిలిపి, కుడి కాలితో కొద్దిగా యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేకు దించాలి. ఈ నాలుగు పనుల్లో ఏ ఒక్కటి అర సెకను ముందువెనకలైనా బండి ఆగిపోతుంది, లేదంటే వెనక్కి జారి, మన రోడ్ల మీద ఎప్పుడూ జానెడు దూరంలోనే ఉండే వెనక బండిని తాకుతుంది. నేర్చినవారికి ఇది ఊపిరి తీసినంత సహజంగా జరిగిపోతుందన్నది నిజమే అయినా, ఆ సహజత్వం కూడా ఊరికే రాదు. అది మోకాలి నుంచీ, ఏకాగ్రత నుంచీ కొంత కొంత తీసుకుంటూనే ఉంటుంది.

మాన్యువలే అసలైన డ్రైవింగ్ అనే భావన మన దగ్గర బలంగా ఉండడానికి చరిత్రలో కారణాలున్నాయి. స్టీరింగు పక్కన గేరు కడ్డీతో అంబాసిడర్, పద్మిని నడిపిన తరానికి గేరు వేయడమే ఒక విద్య. వేర్వేరు వేగాలతో తిరుగుతున్న పళ్ళ చక్రాలను కలిపే ముందు వాటి వేగాలను సమం చేసే సింక్రోమెష్ అనే అమరిక 1928లోనే అమెరికాలో కాడిలాక్ కార్లలోకి వచ్చినా, అది లేని పాత లారీల మీద పనిచేసిన డ్రైవర్లు ఒక్క గేరు మార్పుకు క్లచ్ రెండుసార్లు తొక్కేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక గేరు కడ్డీ నేల మీదికి దిగి పని తేలికైంది గాని, క్లచ్ మాత్రం అలాగే ఉండిపోయింది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబీల్ కార్లకే హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సును అమర్చింది. మన దగ్గర మాత్రం ధర ఎక్కువనీ, పెట్రోలు తాగుతుందనీ, చెడితే బాగుచేసేవారు దొరకరనీ ఆటోమేటిక్‌ను చాలాకాలం దూరం పెట్టారు. ఆ కాలపు యంత్రాల విషయంలో ఈ మూడు అభ్యంతరాలూ చాలావరకు న్యాయమైనవే.

విచిత్రం ఏమిటంటే, ఇదే సమాజం రెండు చక్రాల విషయంలో ఏ పట్టింపూ లేకుండా ఆటోమేటిక్‌కు మారిపోయింది. ఎడమ చేత్తో క్లచ్ నొక్కి, అదే పిడిని తిప్పి గేరు మార్చే చేతక్ స్కూటరు ఇంటింటా ఉన్న రోజుల్లో, 1984లో, గేర్లు లేని కైనెటిక్ హోండా వచ్చింది. 2001 ప్రాంతంలో వచ్చిన యాక్టివా ఆ మార్పును పూర్తి చేసింది. చేతక్ వదిలి యాక్టివా ఎక్కిన తండ్రిని డ్రైవింగ్ మరిచిపోయాడని ఎవరూ ఎద్దేవా చేయలేదు. ఆ తండ్రే కూతురు ఆటోమేటిక్ కారు కొంటానంటే, గేర్ల బండి నడపలేని వాళ్ళకు గదా అది అనడం ఇప్పటికీ వినబడుతుంది.

ఆటోమేటిక్ అన్న ఒక్క పేరు కింద షోరూములో అమ్ముతున్నవి నాలుగు వేర్వేరు యంత్రాలు కావడం కొనేవారిని తికమక పెడుతున్న అసలు విషయం. మాన్యువల్‌కూ ఆటోమేటిక్‌కూ మధ్య ఉన్న తేడా కంటే ఈ నాలుగింటి మధ్య ఉన్న తేడాలే ట్రాఫిక్‌లో ఎక్కువగా తెలుస్తాయి. వాటిలో పాతది టార్క్ కన్వర్టర్. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం పేటెంటు పొందిన ఈ సాధనంలో ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య రాపిడి ప్లేటుకు బదులు నూనె ఉంటుంది. నడుస్తున్న ఫ్యాను గాలికి ఎదురుగా ఉన్న ఆపిన ఫ్యాను రెక్కలు తిరిగినట్టే, ఇంజిన్ తిప్పే రెక్కలు విసిరే నూనె అవతలి రెక్కలను తిప్పుతుంది. బ్రేకు తొక్కితే నూనె జారుతుంది, వదిలితే బండి తనంతట తానే మెల్లగా కదులుతుంది. నూనె జారడంలో శక్తి వృథా కావడం వల్లే పాత ఆటోమేటిక్‌లకు తాగుబోతులన్న పేరు వచ్చింది. వేగం అందుకున్నాక రెండు వైపులనూ గట్టిగా కలిపేసే లాకప్ క్లచ్‌లు, ఆరేసి గేర్ల పెట్టెలు వచ్చాక ఆ తేడా బాగా తగ్గింది. రెండవది సీవీటీ. యాక్టివాలో ఉన్నదాని సూత్రమే ఇందులోనూ ఉంది: వ్యాసాలు మారే రెండు కప్పీల మధ్య ఒక బెల్టు నడుస్తుంది గనుక విడివిడి గేర్లుండవు, మార్పు కుదుపూ ఉండదు. 1958లో నెదర్లాండ్స్‌కు చెందిన డాఫ్ కంపెనీ కార్లలో రబ్బరు బెల్టుతో మొదలైన ఈ పద్ధతిలో ఇప్పుడు ఉక్కు బెల్టు వాడుతున్నారు. మెత్తగా నడిపేవారికి దీన్ని మించింది లేదు. ఓవర్‌టేక్ చేయడానికి ఒక్కసారిగా తొక్కేవారికి మాత్రం ముందు ఇంజిన్ అరుపు వినబడి, వేగం ఆ వెనక తీరిగ్గా వస్తుంది. మూడవదైన డీసీటీలో బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఒకటి చొప్పున రెండు క్లచ్‌లుంటాయి. ఒక గేరులో బండి నడుస్తుండగానే తర్వాతిది సిద్ధమై ఉంటుంది. హైవే మీద ఇది మురిపిస్తుంది. అయితే నూనెలో మునగని డ్రై క్లచ్ రకం నగరపు పాకుడు ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది, ఎందుకంటే హాఫ్ క్లచ్ పెట్టేది కంప్యూటరైనా కాలేది అదే ప్లేటు.

నాలుగవదైన ఏఎంటీ గురించి కొంత ఎక్కువ చెప్పుకోవాలి, ఎందుకంటే మన మధ్యతరగతి ఇళ్ళలోకి ఆటోమేటిక్‌ను తెచ్చింది అదే. 2014 ఫిబ్రవరిలో మారుతి సెలెరియోతో ఇది చిన్న కార్లలోకి ప్రవేశించింది. అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కూడా ఆ ఏడాదే. ఏఎంటీలో ఉన్నది అచ్చంగా మాన్యువల్ గేర్‌బాక్సే, మాన్యువల్ క్లచ్చే. కాలూ చేయీ చేసే పనిని మాత్రం వాటికి బిగించిన యాక్చుయేటర్లు, అంటే కంప్యూటరు చెప్పినట్టు తోసి లాగే చిన్న యంత్రాలు, చేస్తాయి. అందువల్ల మాన్యువల్ కంటే సుమారు 50 వేల రూపాయలు ఎక్కువతోనే ఇది దొరుకుతుంది, మిగతా మూడు రకాలకూ ఆ తేడా సాధారణంగా లక్ష దాటుతుంది. మైలేజీ మాన్యువల్‌తో సమానంగా ఉంటుంది, ఒక్కొక్కప్పుడు ఎక్కువే ఉంటుంది. దీనిపై వినబడే ప్రధానమైన ఫిర్యాదు గేరు మారేటప్పుడు వచ్చే కుదుపు. మొదటి గేరు నుంచి రెండవదానికి వెళ్ళేటప్పుడు క్లచ్ విడిపోయి, గేరు మారి, మళ్ళీ క్లచ్ పట్టుకునేదాకా చక్రాలకు బలం అందదు గనుక ప్రయాణికుల తలలు ఒకసారి ముందుకు ఊగుతాయి. నిజానికి మాన్యువల్‌లోనూ ఆ విరామం ఉంటుంది. అయితే అక్కడ గేరు ఎప్పుడు మారబోతోందో డ్రైవరుకు ముందే తెలుసు గనుక కాలు యాక్సిలరేటర్ మీద నుంచి దానంతటదే లేస్తుంది, ఒళ్ళు సిద్ధమవుతుంది. ఏఎంటీలో కూడా ఇంజిన్ శబ్దం చెవినపెట్టి, గేరు మారబోయే సమయానికి యాక్సిలరేటర్ మీద కాలిని కాస్త తేలిక చేస్తే కుదుపు సగానికి సగం పోతుంది.

ఏఎంటీ అసలు బలహీనత కుదుపు కాదు, ఎత్తు. ర్యాంపు మీద బ్రేకు వదిలిన తర్వాత రెండు మూడు సెకన్లపాటు బండిని పట్టి ఉంచే హిల్ హోల్డ్ సదుపాయం లేని ఏఎంటీ వెనక్కి జారుతుంది. జారకుండా ఉండడానికి చాలామంది యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి పట్టుకుంటారు. అలా పట్టుకోవడమంటే క్లచ్‌ను కాల్చడమే, ఆ కాలడం కాలికి తెలియకపోవడం మరింత ప్రమాదం. హ్యాండ్ బ్రేకు పట్టి ఎక్కించే మాన్యువల్ పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. హిల్ హోల్డ్ లేని ఏఎంటీని ఫ్లైఓవర్లతో నిండిన నగరంలో తిరిగేవారు కొనకూడదన్నది ఈ శీర్షిక నిశ్చితాభిప్రాయం.

మాన్యువల్ పక్షాన చెప్పే వాదాల్లో ఘాట్ రోడ్డుకు సంబంధించినది గట్టిది. తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగేవారికీ, 1974లో వచ్చిన రెండవది ఎక్కేవారికీ ఉపయోగపడుతున్నాయి. దిగేటప్పుడు కాలు బ్రేకు మీదే ఉంచితే ఆ రాపిడికి బ్రేకులు వేడెక్కి, ఒక దశ దాటాక పెడల్ ఎంత తొక్కినా పట్టు తగ్గిపోతుంది. రెండవ గేరులో దిగే మాన్యువల్ డ్రైవరుకు ఈ బెడద తక్కువ, ఎందుకంటే చక్రాలు ఇంజిన్‌ను బలవంతంగా తిప్పవలసి రావడంతో ఇంజినే బ్రేకుగా పనిచేస్తుంది. అదే పల్లంలో పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ కొట్టి వదిలేసేవారు రెండు విధాలా నష్టపోతారు: ఇంజిన్ బ్రేకు పోతుంది, పెట్రోలూ కలిసిరాదు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి, న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండడానికి కొంత కాలుస్తూనే ఉంటాయి. ఆటోమేటిక్‌లో ఈ ఇంజిన్ బ్రేకు లేదని అనుకోవడం పొరపాటు. ఉంది, కానీ అడిగితేనే వస్తుంది. డీలో, అంటే డ్రైవ్ స్థానంలో, పెట్టి వదిలేస్తే, యాక్సిలరేటర్ తొక్కడం లేదు గనుక, చాలా గేర్‌బాక్సులు పై గేరుకే వెళ్ళిపోతాయి. కడ్డీ పక్కన ఎల్, 2, ఎం, ఎస్ అని బండినిబట్టి ఏదో ఒక గుర్తు కనిపిస్తుంది. కింది గేరును పట్టి ఉంచే ఆ స్థానానికి కొండ దిగడం మొదలుపెట్టే ముందే మారాలి. ఈ సంగతి తెలియకుండా ఆటోమేటిక్‌లో ఘాట్ దిగేవారు మాన్యువల్ గొప్పదని చెప్పుకోవడానికి కారణమవుతున్నారు.

ఈ అజ్ఞానానికి డ్రైవింగ్ స్కూళ్ళ బాధ్యత కొంత ఉంది. అక్కడ నేర్పేది దాదాపు అంతా మాన్యువల్ మీదే, ఆటోమేటిక్‌కు వేరే పాఠం అక్కర్లేదన్న నమ్మకం మీదే నడుస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టం లైసెన్సుల వర్గీకరణలో గేర్లు ఉన్న మోటార్ సైకిల్‌కూ గేర్లు లేనిదానికీ తేడా పాటించింది గాని, కార్ల దగ్గరికి వచ్చేసరికి తేలికపాటి మోటారు వాహనం అన్న ఒక్క వర్గంతో సరిపెట్టింది. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద పరీక్ష నెగ్గినవారు మాన్యువల్ నడపడానికి వీల్లేదు. జపాన్‌లో 1991 నుంచి ఆటోమేటిక్‌కు మాత్రమే పరిమితమైన లైసెన్సు ఉంది. అమెరికాలో అలాంటి విభజన అవసరమే రాలేదు, అక్కడికి చదువులకు వెళ్ళే తెలుగు పిల్లలకు దొరికే కార్లన్నీ ఇంచుమించుగా ఆటోమేటిక్‌లే. ఇంటి దగ్గర క్లచ్‌తో నెలల తరబడి కుస్తీ పట్టి నేర్చుకున్నది అక్కడ వాడుకలోకి రాదు, వాళ్ళు మొదటి రోజుల్లో అణచుకోవలసింది కూడా ఆ అలవాటునే.

ఆ అలవాటు ఎంత గట్టిదంటే, మాన్యువల్ నుంచి మారినవారి ఎడమ కాలు ఆపద వేళ క్లచ్ కోసం వెతికి, అక్కడ క్లచ్ లేకపోవడంతో వెడల్పాటి బ్రేకు పెడల్‌ను క్లచ్ తొక్కినంత బలంగా తొక్కుతుంది. బండి ఒక్క కుదుపుతో ఆగుతుంది, వెనక వచ్చేవాడు గుద్దుతాడు. ఎడమ కాలిని పక్కనున్న విశ్రాంతి మెట్టు మీద స్థిరంగా ఉంచి, రెండు పెడళ్ళకూ కుడి కాలినే వాడాలన్నది ఆటోమేటిక్ మొదటి పాఠం. కుడి కాలే పొరబడడం ఇంకా ప్రమాదకరం. 1980లలో అమెరికాలో ఆడి 5000 కార్లు తమంతట తామే దూసుకుపోతున్నాయన్న ఆరోపణలు పెద్ద గొడవ అయ్యాయి. అలాంటి ఘటనల్లో ఎక్కువ భాగానికి కారణం బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కడమేనని అక్కడి రహదారి భద్రతా సంస్థ 1989లో తేల్చింది. బ్రేకు తొక్కితే తప్ప కడ్డీ పీ, అంటే పార్కింగ్, స్థానం నుంచి కదలకుండా చేసే తాళం ఆ రోజుల నుంచే కార్లలో వ్యాపించింది. బండి నిలపడంలోనూ ఒక వరుస ఉంది. ఏటవాలు చోట నేరుగా పీలోకి వేసేస్తే కారు బరువంతా గేర్‌బాక్సులోని ఒక చిన్న కొక్కెం మీద పడుతుంది, మళ్ళీ తీసేటప్పుడు టక్కుమని శబ్దం వచ్చేది అందుకే. ముందు హ్యాండ్ బ్రేకు పట్టి, బరువు దాని మీద నిలిచాక పీ వేస్తే ఆ శబ్దం రాదు. ఏఎంటీల్లో సాధారణంగా పీ ఉండనే ఉండదు గనుక గేరులో ఉంచే ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు పట్టాలి.

మాన్యువల్‌కు మిగిలిన సౌకర్యాలు చిన్నవే అయినా పల్లెటూళ్ళలో విలువైనవి. బ్యాటరీ చచ్చిపోతే నలుగురు తోసి స్టార్ట్ చేయించవచ్చు. క్లచ్ పోతే మండల కేంద్రంలోని షెడ్డులో కూడా మార్చగలరు. ఆటోమేటిక్‌లకు ఈ వెసులుబాటు లేదు. వాటిలో చాలావాటిని నడిచే చక్రాలు నేల మీద ఉండగా తాడు కట్టి దూరం లాగితే, ఇంజిన్ ఆగి ఉండడంతో లోపల నూనె తిరగక గేర్‌బాక్సే పాడవుతుంది. రోజూ ఖాళీ రోడ్డు మీద పొలానికో, పక్క పట్టణానికో వెళ్ళి వచ్చేవారు లక్ష అదనంగా పోసి పొందేదేమీ లేదు, వారికి మాన్యువలే మేలు. మోకాళ్ళ నొప్పులున్నవారికీ, ఎడమ కాలు సహకరించనివారికీ అసలు ఈ చర్చే అనవసరం. నగర ట్రాఫిక్‌లో రోజుకు గంట దాటి గడిపేవారు మాత్రం ఆటోమేటిక్ తీసుకోవాలి, స్తోమత ఉంటే టార్క్ కన్వర్టరో సీవీటీనో, లేకపోతే హిల్ హోల్డ్ ఉన్న ఏఎంటీ. ఇక ఎలక్ట్రిక్ కారు ఎంచుకునేవారికి ఈ బెంగే లేదు, మోటారు సున్నా నుంచే లాగుతుంది గనుక ఒక్క గేరుతోనే దాని పని జరిగిపోతుంది.

కొనే ముందు టెస్ట్ డ్రైవుకు షోరూము వెనక ఉన్న సాఫీ రోడ్డుతో తృప్తి పడకుండా, రోజూ ఆఫీసుకు వెళ్ళే దారిలో, రోజూ వెళ్ళే వేళకే, ఒక ఫ్లైఓవర్ ర్యాంపు మీద ఆపి మళ్ళీ ఎక్కించి చూడాలి. అందుకు ఒప్పుకోని షోరూములో కారు కొనకపోవడమే మంచిది.